చేటలో వాన

నేను ఒక చేటను. గోదావరి గట్టున మేదర వీధిలో ఒకావిడ వెదురును సన్నని బద్దలుగా చీల్చి నన్ను అల్లింది. మెంతిపిండీ కాగితం గుజ్జూ కలిపి అలికి, ఎండబెట్టి, మంగతాయారు అనే ఇల్లాలికి అమ్మింది. ఆ ఇంట్లో నాలో ఏం పోసినా అందరూ కళ్లతోనే చూసేవారు. రాయి ఉందా, పుచ్చు ఉందా అని వెతికేవారు. నేను చేసే చప్పుడు ఎవరికీ పట్టేది కాదు.

మంగతాయారు కోడలు హైమవతి రేడియో నాటకాల్లో చిన్న చిన్న వేషాలు వేసేది. ఒక వేసవిలో ఆమెకు మొదటిసారి పెద్ద వేషం దొరికింది. చూపులేని తల్లి వేషం. ఆ తల్లి ఒంటరిగా కూర్చుని వాన వినే ఘట్టమే నాటకానికి ప్రాణం. తీరా చూస్తే స్టూడియోలోని వాన రికార్డు అరిగిపోయి, పకోడీలు వేగుతున్నట్టు వినిపించింది.

"ఆ ఘట్టం తీసేద్దాం" అన్నాడు నిర్వాహకుడు వేదాద్రి.

"రేపటిదాకా ఆగండి సార్. వాన నేను తెస్తాను."

"ఈ ఎండల్లోనా?" అన్నాడాయన.

ఇంటికొచ్చి హైమవతి అరిటాకు మీద నీళ్లు చిలకరించింది, పెంకుల మీద పోసింది. ఏదీ వానలా లేదు. అసలు వాన ఎలా ఉంటుందో చెప్పమంటే తనకే తెలియలేదు. ఇన్నేళ్లూ వానలో తడిసిందే గానీ, వాన వినలేదు.

మర్నాడు మధ్యాహ్నం నాలో రాగులు పోసుకుని బాగుచేస్తోంది. నన్ను వంచగానే గింజలు జారాయి. ఆమె చెయ్యి ఆగింది. మళ్లీ వంచింది. రాగులు తీసి బియ్యం పోసింది; వడగళ్లయ్యాయి. నువ్వులు పోస్తే చప్పుడే లేదు. మళ్లీ రాగులే పోసి, వాటిలో గుప్పెడు పెసలు కలిపి, కళ్లు మూసుకుని నెమ్మదిగా తిప్పింది.

లోపల కునుకు తీస్తున్న మంగతాయారు దిగ్గున లేచింది. "హైమా, వడియాలు తడిసిపోతున్నాయే" అంటూ మేడ మీదికి పరుగెత్తింది. నిప్పులు చెరిగే ఎండలో కాసేపు నిలబడి, దిగివచ్చి, నన్నూ కోడలినీ మార్చి మార్చి చూసింది.

"నువ్వేనా?"

"నేనే అత్తయ్యా."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని ఎదురుగా చతికిలబడింది. "ఏదీ, మళ్లీ కురిపించు. మొదట్లో అంత తొందరొద్దు. నాలుగు చినుకులు రాల్చి, కాస్త ఊరుకుని, అప్పుడు పడుతుంది వాన."

నాటకంలో ఆ ఘట్టం నిలిచింది. వేదాద్రి దాన్ని ఇంకాస్త పొడిగించాడు కూడా. ఆ తర్వాత హైమవతి చేతుల్లో నేను సముద్రాన్నయ్యాను, ఎండుటాకుల అడవినయ్యాను, పారిపోయే సైన్యాన్నీ అయ్యాను. కొన్నాళ్లకు అన్ని చప్పుళ్లూ యంత్రాల్లోకి చేరాయి. నా అంచు విరిగింది. వసారాలో మేకుకు ఎక్కాను.

నిన్న సాయంత్రం వాన పడింది. ఎదురు డాబా మీద కొత్తగా సోలార్ పలకలు బిగించారు. జుట్టంతా నెరిసిన హైమవతి తల పక్కకు వంచి చాలాసేపు వింది.

"ఇది వేరేగా ఉందే" అంది తనలో తను.

మేకు మీంచి నన్ను దించి, దుమ్ము దులిపి, వంటింట్లో డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీయసాగింది.