బుడంకాయ వాళ్ళమ్మ చిరునామా

నాకు అన్నిటికంటే పెద్ద భయం, చదువు రెండోసారి కూడా మధ్యలో ఆగిపోతుందేమోనని. మొదటిసారి పెళ్ళికి ఆగింది. ఈసారి ఆగితే మళ్ళీ మొదలుపెట్టే ఓపిక నాకూ ఉండదు, ఇంట్లోవాళ్ళకూ ఉండదు.

మా ఆయన బేకరీ బండి నడుపుతాడు. ఆ జీతంతో అద్దె, పాలు గడుస్తాయి గాని కాలేజీ ఫీజు గడవదు. అందుకని ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టాను. ఈ రాష్ట్రంలో కాపురం ఉంటున్నవాళ్ళకే ఇస్తారు కాబట్టి ఇన్‌స్పెక్టరు ఇంటికి వచ్చి విచారించి వెళ్తాడన్నారు. ఎప్పుడొస్తాడో మాత్రం చెప్పలేదు.

మేముండేది మేడ మీద గదిలో. నేను క్లాసుకు వెళ్ళినప్పుడు పాపను కింది గదిలో కుట్టుమిషను పిన్ని చూసుకుంటుంది. ఆవిడ మాకు చుట్టమేమీ కాదు, ఆ గది ఆవిడ దుకాణం, అంతే. పాప గుండ్రంగా ఉంటుందని బుడంకాయ అని పిలవడం మొదలుపెట్టింది ఆవిడే. దాంతో వీధి మొత్తానికి నేను బుడంకాయ వాళ్ళమ్మను అయిపోయాను.

ఒకరోజు కాలేజీ ఆఫీసులో గుమాస్తా పిలిచాడు.

"అమ్మా, ఆ చిరునామాలో మీరు ఉండటం లేదట. రిపోర్టు వచ్చింది."

"పొద్దున అక్కడినుంచేగా వచ్చానండీ!"

"నాకు చెప్తే ఏం లాభం? ఇన్‌స్పెక్టరు గారికి చెప్పుకోండి. లిస్టు పైకి వెళ్ళిపోయిందంటే ఇక ఎవరి చేతుల్లోనూ ఉండదు."

క్లాసు వదిలేసి ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు పరుగెత్తాను. ఇన్‌స్పెక్టరు నింపాదైన మనిషి.

"నేనే స్వయంగా వచ్చానమ్మా. మీ పేరు ఇంటిపేరుతో సహా చదివాను. కింద మిషను కుట్టే ఆవిడ, ఆ పేరు గలవాళ్ళు ఈ వీధిలోనే లేరు, నాకు తెలియకుండా ఎవరుంటారు నాయనా అంది. మంచినీళ్ళు కూడా ఇచ్చింది."

"అప్పుడు ఆవిడ ఒళ్ళో పాప ఉందాండీ?"

"ఉంది. నా పెన్ను లాక్కుని నోట్లో పెట్టుకుంది."

"అది మా పాపేనండీ!"

ఆయన చేతిలోని పెన్నును ఒకసారి చూసుకున్నాడు. "సరే, రేపు మళ్ళీ వస్తాను. మీరు పైనే ఉండండి, మాట అందించకండి. ఇరుగుపొరుగు చెప్పాలి, అదీ పద్ధతి."

ఇంటికి వచ్చేసరికి నాకు ఏడుపొక్కటే తక్కువ.

"అదేంటి పిన్నీ, నేను ఇక్కడ లేనని చెప్పేశారట!"

"నువ్వు లేవని నేనెందుకంటానే? ఎవరిదో ఇంత పొడుగు పేరు చదివాడు. అంత పేరు గలవాళ్ళు మన వీధిలో ఎక్కడున్నారు అన్నా. అది నీదా?"

"నాది కాక ఎవరిది?"

"ఇన్నేళ్ళుగా నీ జాకెట్లు కుడుతున్నా. చెయ్యి పొడవెంతో అడుగు, నిద్రలో లేపినా చెప్తా. పేరు ఎప్పుడైనా చెప్పి ఏడిచావా?"

"పోనీలే పిన్నీ," అన్నాడు మా ఆయన పాపను ఎత్తుకుంటూ. "పెళ్ళయిన ఏడాదికి గాని నాకూ ఆ పేరు నోరు తిరగలేదు."

ఆ సాయంత్రమంతా పిన్ని మిషను తొక్కుతూ నా పేరు వల్లె వేసింది.

మర్నాడు పాపను ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద పై చివర కూర్చున్నాను. కింద ఇన్‌స్పెక్టరు గొంతు వినిపించింది.

"పై గదిలో ఎవరుంటారమ్మా? పేరు చెప్పండి."

మిషను ఆగింది.

"ఉండు నాయనా, నాలిక చివరే ఉంది... అయ్యో రామా, ఇప్పటిదాకా ఉందే!" స్టూలు జరిపిన చప్పుడు. "పేరు పోతే పోయింది, మనిషి ఉంది. పద, చూపిస్తా."

పిన్నికి మోకాళ్ళు బాగుండవు. మేం వచ్చినప్పటినుంచి ఒక్కసారీ పైకి ఎక్కలేదు. ఇప్పుడు గోడ పట్టుకుని అమ్మో, అయ్యో అంటూనే ఎక్కుతోంది. నోరు మాత్రం ఆగడం లేదు.

"బట్టలు ఆరేస్తూ చదువుతుంది, పిల్లకు పాలు పడుతూ చదువుతుంది. వినీ వినీ ఆ రాజుల సంగతులన్నీ నాకే వచ్చేశాయి. పరీక్షకు నన్ను పంపినా పాసవుతా. ఉండటం లేదా అంటావేంటి నాయనా, ఉండబట్టేగా నాకీ చెవినొప్పి!"

నా వెనకే ఇన్‌స్పెక్టరు గదిలోకి వచ్చాడు. తాడు మీద ఆరుతున్న పాప గుడ్డలను, దిండు పక్కన తెరిచి ఉన్న పుస్తకాన్ని చూశాడు.

"మీ పేరమ్మా?"

చెప్పాను.

"అదే! నేనూ అదే చెప్పబోయా," అంది పిన్ని చెమట తుడుచుకుంటూ.

ఇన్‌స్పెక్టరు గట్టిగా నవ్వేశాడు. పెన్ను పాపకు అందకుండా ఎత్తుగా పట్టుకుని, నిలబడే రాసుకున్నాడు.

స్కాలర్‌షిప్ వచ్చింది. ఫీజు కట్టేశాం. ఇప్పుడు క్లాసులో కూర్చుంటే, చెప్పేది చెవికెక్కేంత నెమ్మదిగా ఉంటోంది మనసు.

ఒక్క దిగులు మాత్రం ఉంది. ఆ రోజు నుంచి పిన్ని నా పేరు మరవడమే లేదు. గ్యాస్ బండ తెచ్చినవాడు, సబ్బులు అమ్మేవాడు, దారి తప్పి వచ్చినవాడు, ఎవరు కనిపించినా సరే, పాపను చంకనేసుకుని, వాళ్ళను వెంటబెట్టుకుని మెట్లెక్కడం, తాళం వేసిన మా తలుపు చూపించి నా పేరు ఇంటిపేరుతో సహా చెప్పడం. మోకాలు వాచిపోయింది. ఎక్కకండి పిన్నీ అని బతిమాలితే, "నీ చదువు నువ్వు చూసుకో, నీ చిరునామా నేను చూసుకుంటా" అంటుంది.

మధ్యాహ్నం దాకా నేను క్లాసులోనే ఉంటాను. ఆ పూట మీరెవరైనా మా వీధి మీదుగా వెళ్తుంటే, మిషను చప్పుడు వినిపించే గది ముందు కాస్త ఆగి ఆవిడ ఎలా ఉందో చూడండి. మోకాలి సంగతి అడగండి. నా గురించి మాత్రం అడగకండి, అడిగితే పైకి తీసుకెళ్తుంది.