ప్రయత్నించారు

ఆస్పరాగస్ కాడని తల కింద నుంచి మొదలుపెట్టి కిందికి చెక్కుకుంటూ రావాలి. పీచు ఒక్కటి మిగిలినా పళ్ల మధ్య ఇరుక్కుంటుంది. పెళ్లయ్యాక వచ్చిన మొదటి మే నెలలో మా అత్తగారు నాకు నేర్పిన విద్య ఇది. అప్పటి నుంచి పన్నెండేళ్లుగా మే నెల ఆదివారాల్లో రెండేసి కిలోలు చెక్కుతూనే ఉన్నాను, ఆవిడ తింటూ ఎక్కడో ఒకచోట పీచు పట్టుకుంటూనే ఉన్నారు. ఈ ఆదివారం చేతులు చెక్కుతున్నాయి గాని మనసు గురువారం దగ్గరే ఆగిపోయింది. గురువారం ట్రామ్ స్టాప్‌లో నాకు గేషె కనిపించింది.

గేషె, నేను ఆరేళ్లు ఎదురెదురుగా కూర్చుని పనిచేశాం. రేవులో ఏ కంటెయినర్ ఎక్కడుందో చెప్పే సాఫ్ట్‌వేర్ మా కంపెనీది. అందులో ఏదైనా చెడితే ఓడల వాళ్లు ఫిర్యాదు పంపుతారు, దాన్ని మేము టికెట్ అంటాం. బాగుచేసి టికెట్ మూసేటప్పుడు ఎవరి పేరు పెడితే ఆ పని వాళ్లు చేసినట్టు. మా అమ్మాయి ఫెన్యాని చూసుకునే కేంద్రం నాలుగింటికి మూసేస్తారు. అంటే మూడున్నరకల్లా నేను కుర్చీలోంచి లేవాలి. లేచిన మొదటి రోజే వెనకాల రెండు తలలు తిరిగాయి. మర్నాడు గేషె నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. "నువ్వు వెళ్లు. మిగిలినవి నేను చూస్తాలే. నీ పేరు మీదే మూస్తాను, లేకపోతే సాయంత్రాలు నువ్వుండవని వీళ్లకి తెలిసిపోతుంది."

అలా నాలుగేళ్లు గడిచాయి. గేషెకి యాభై దాటాయి, పెళ్లి చేసుకోలేదు. పిల్లలు లేనివాళ్లకి ఇంటికి వెళ్లే తొందరేముంటుందని ఆఫీసులో అందరూ అనుకునేవాళ్లు, నాతో సహా. అత్తగారికి తుంటి ఆపరేషన్ అయినప్పుడు ఆవిడ కొడుకు హెన్నింగ్, అంటే మా ఆయన, "నువ్వైతే లాప్‌టాప్ తెచ్చుకుని అమ్మ పక్కన కూర్చుని చేసుకోవచ్చు కదా" అన్నాడు. ఆయన కూడా లాప్‌టాప్ మీదే పనిచేస్తాడు. ఆ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు, లేదా నాకు తట్టినా నోరు మెదపలేదు. ఆ ఆరు వారాలూ నేను ఆవిడకి సూప్ తాగించి, మేజోళ్లు తొడిగి, మాత్రలిచ్చాను. నా టికెట్లు గేషె మూసింది. ఆ నెల నా పనితనం మెచ్చుకుంటూ కంపెనీ అందరికీ మెయిల్ పంపింది. సిగ్గుతో చచ్చిపోవాల్సింది పోయి, ఆ మెయిల్ ఇంట్లో చదివి వినిపించాను.

ఫిబ్రవరిలో మనుషుల్ని తగ్గించాలన్నారు. మా కంపెనీలో 'మీరు' అనే మాట నిషేధం. చేరిన రోజు నుంచి మా బాస్ టోర్బెన్ కూడా నాకు 'నువ్వే'. మనమంతా ఒక జట్టు, పెద్దా చిన్నా లేదు అనేవాడు. గేషె చేతికి వచ్చిన కాగితంలో మాత్రం ఆరేళ్లలో మొదటిసారి ఆమెను 'మీరు' అన్నారు. మీ సేవలు ఇక అవసరం లేదు, మీ టికెట్ల సంఖ్య జట్టులో అందరికంటే తక్కువ. గేషె ఆ కాగితం రెండుసార్లు చదువుకుని, "చూశావా, నాకు గౌరవం పెరిగింది" అని నవ్వింది. అప్పుడైనా నేను నోరు విప్పాలి. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

పోనీ అక్కడితో ఆగానా. మా దేశంలో ఉద్యోగం పోయినవాళ్లకి ఇచ్చే సర్టిఫికెట్‌లో చెడ్డమాట రాయడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని చెప్పుని శాలువాలో చుట్టి కొట్టడం అందరూ నేర్చుకున్నారు. 'మాకు ఎప్పుడూ పూర్తి సంతృప్తి కలిగించారు' అని ఉంటే పని బాగా చేశారని. 'అప్పగించిన పని పూర్తిచేయడానికి ప్రయత్నించారు' అని ఉంటే చేతకాలేదని. ఈ భాష ఏ బడిలోనూ నేర్పరు. బేకరీలో రొట్టెలమ్మే అమ్మాయికి కూడా తెలుసు.

ఆమె పని దగ్గరగా చూసింది నేనేనని, ఆ సర్టిఫికెట్ నన్ను తయారుచేయమన్నాడు టోర్బెన్. ఆఫీసులో మాకు ఉచితంగా పెట్టే ఆపిల్ ఒకటి తీసుకుని కొరుకుతూ చెప్పాడు. "అంకెలకి తగ్గట్టు ఉండాలి, వీబ్కె. నువ్వు బాగుందని రాశావనుకో, మరి ఎందుకు తీసేశారని ఆమె కోర్టుకెళ్తుంది. అప్పుడు లెక్కలన్నీ తిరగెయ్యాలి. ఆమెవీ, నీవీ."

అతనికేమీ తెలియదని ఇప్పుడు నాకు నమ్మకం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంది నేనే. సర్టిఫికెట్లు రాయడానికి కూడా కంపెనీ దగ్గర ఒక ప్రోగ్రామ్ ఉంది. మార్కు నొక్కితే వాక్యాలు అదే రాసిస్తుంది. కింది నుంచి రెండో గడి నొక్కాను. 'ప్రయత్నించారు' అని వచ్చింది. కింద టోర్బెన్ సంతకం, పక్కన నాది. రాసింది యంత్రం కదా, నేను నొక్కానంతే అని చాలా రోజులు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. హెన్నింగ్‌కి సగం చెప్తే, "తీసేసింది కంపెనీ, నువ్వు కాదు. మనకి ఇంటి అప్పు ఉంది, గుర్తుందిగా" అన్నాడు. మిగిలిన సగం నేనూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

గురువారం స్టాప్‌లో గేషె నన్ను చూసి తనే దగ్గరికొచ్చింది. ఫెన్యాకి పళ్లు ఊడాయా, బడికి సంచీ కొన్నారా అని అడిగింది. పదకొండు చోట్ల దరఖాస్తు పెట్టిందట. ఒక్కచోట పిలిచారట. అక్కడి ఆవిడ సర్టిఫికెట్ చదివి, దయగా నవ్వి, కాఫీ అయినా తాగి వెళ్లండి అందట.

"పోనీలే. ఆ వాక్యం టోర్బెన్ రాసుంటాడు. నీ చేత సంతకం పెట్టించాడు చూడు, పాపం, ఎంత ఇబ్బంది పడి ఉంటావో" అంది గేషె.

నేను తలూపాను. ఆమె ట్రామ్ వచ్చింది, ఎక్కి చెయ్యి ఊపింది. తిట్టి ఉంటే ఈపాటికి ఏదో ఒక సాకు వెతుక్కుని తేలిగ్గా ఉండేదాన్ని. జాలిపడింది, అది భరించలేకపోతున్నాను. నా కూతురు బడికి వెళ్లే వయసు దాకా నా ఉద్యోగం నిలబెట్టిన మనిషి ఆమె. మా ఆయనా కాదు, వాళ్ల అమ్మా కాదు, గోడ మీద నవ్వుతున్న తల్లీబిడ్డల ఫోటో పెట్టుకున్న కంపెనీ అసలే కాదు. వాళ్లందరికీ నా చాకిరీ కనపడలేదని ఇన్నేళ్లు నేను ఏడ్చాను. గేషె చాకిరీ నాకు కనపడింది. కనపడుతూనే దాని మీద నా పేరు పెట్టుకున్నాను.

పన్నెండున్నరకి అందరం బల్ల దగ్గర కూర్చున్నాం. హామ్, బంగాళదుంపలు, కరిగించిన వెన్న, పెద్ద పళ్లెంలో ఆస్పరాగస్. అత్తగారు మూడో కాడ నములుతూ ఆగారు. రెండు వేళ్లతో నోట్లోంచి పొడుగాటి పీచు తీసి పళ్లెం అంచున పెట్టారు. కొడుకు వైపు చూసి అన్నారు.

"పర్వాలేదులే. వీబ్కె ప్రయత్నించింది."

పన్నెండేళ్లుగా ఈ మాట వింటున్నాను. నేను చేసిన మొదటి పుట్టినరోజు కేకుకీ ఇదే, ఆవిడ ఆపరేషన్ నాటి సూప్‌కీ ఇదే. గేషె మెడకి తగిలించడానికి నేను వేరే మాట వెతుక్కోలేదు. రోజూ నాకు తగిలేదే ఎత్తి ఆమెకిచ్చాను.

నేను లేచాను. "ఎక్కడికి? అమ్మ మెచ్చుకుందిగా" అన్నాడు హెన్నింగ్.

"కాదు. ఆ మాటకి అర్థం ఆవిడకీ తెలుసు, నీకూ తెలుసు" అన్నాను. అత్తగారు పీచుని నేప్‌కిన్ కింద దాచారు.

వంటింట్లో ఆస్పరాగస్ తొక్కలన్నీ పక్కకి నెట్టి లాప్‌టాప్ పెట్టుకున్నాను. ఈసారి ప్రోగ్రామ్ తెరవలేదు. గేషె పని మాకు ఎప్పుడూ పూర్తి సంతృప్తి కలిగించిందని నా వేళ్లతో నేనే రాసి, కింద నా పేరొక్కటే పెట్టాను. తర్వాత దాన్ని జతచేసి టోర్బెన్‌కి మెయిల్. నా పేరు మీద మూసిన టికెట్లలో సగం గేషె మూసినవి. పాత సర్టిఫికెట్‌లో ఆ గడి నొక్కింది నేను, తెలిసే నొక్కాను. నువ్వు లెక్కలు తిరగెయ్యి, ఆమెవీ, నావీ. కాపీ ఎవరికి అన్నచోట గేషె పేరు టైపు చెయ్యడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఉద్యోగం పోతుందని కాదు. ఇంకెప్పుడూ ట్రామ్ స్టాప్‌లో తనే దగ్గరికి రాదేమోనని.

పేరు టైపు చేశాను. భోజనాల గదిలోంచి ఫెన్యా అమ్మా అని పిలుస్తోంది, వెన్న ఇంకా కావాలని హెన్నింగ్ అంటున్నాడు. వెన్న వాళ్లకి అందేంత దూరంలోనే ఉంది. పంపేముందు మెయిల్ పైనుంచి ఒకసారి చదువుకుని, ఎక్కడెక్కడ 'నువ్వు' అని ఉందో అక్కడల్లా టోర్బెన్‌ని 'మీరు' చేశాను.