చివరి బెంచీ మీది చిన్న గిన్నె

“నేను పోతే దీనికి జావ ఎవరు పోస్తారు?” అంది నిల్డా, పైకే.

అప్పటికింకా పొయ్యి కూడా అంటుకోలేదు. బొగ్గుల కింద కొబ్బరి పీచు దూర్చి, అట్టముక్కతో విసురుతూ కూర్చుంది. వీధికి అవతల శవాల బండిని తడిగుడ్డతో తుడుస్తున్న డోమింగ్ తలెత్తాడు.

“ఎవరికక్కా?”

“నీకే.”

“నాకేం బెంగ లేదు. నిన్ను మోసుకెళ్ళేది నా బండేగా. దార్లో లేపి పోయించుకుంటా.”

“పొద్దున్నే ఏం కూతలురా అవి. నోరు కడుక్కో.”

“మొదలెట్టింది నువ్వే,” అన్నాడు డోమింగ్, మళ్ళీ అద్దం తుడుచుకుంటూ.

నిజమే, మొదలెట్టింది తనే. చెడు మాట పైకి అనేస్తే జరగదని ఆమెకో నమ్మకం. అందుకని రోజూ ఏదో ఒకటి అనేసి గాని పొయ్యి వెలిగించదు. నిన్న కుండ పగులుతుందేమో అంది, పగల్లేదు. మొన్న ఓడల మీద పనిచేసే అల్లుడికి తుపాను తగులుతుందేమో అంది. అతను క్షేమంగా ఉన్నట్టు పక్కింటావిడ ద్వారా తెలిసింది. ఈ మాట మాత్రం నెలరోజులుగా అంటూనే ఉంది. మెట్టు ఎక్కితే ఊపిరి అందడం లేదు. రాత్రిళ్ళు రెండు దిండ్లు పెట్టుకుంటే గాని పడుకోలేకపోతోంది.

లుసేనా ఊరి వెనకవీధిలో, శవాలకు జాగారం చేసే హాలు గోడను ఆనుకుని ఉంది నిల్డా కొట్టు. రేకుల కప్పు, రెండు బల్లలు, నాలుగు బెంచీలు. అరవై మూడేళ్ళ నిల్డాకు ఎడమ భుజం కుడి భుజం కన్నా కాస్త కిందికి దిగి ఉంటుంది, ఇరవై రెండేళ్ళు కుండ మోసిన గుర్తుగా. కుడి ముంజేతి మీద నూనె చిందిన మచ్చలు చింతగింజల్లా ఉంటాయి. గోళ్ళలో అల్లం వాసన ఆదివారం చర్చికి వెళ్ళినా పోదు.

శవం దగ్గర్నుంచి వచ్చినవాళ్ళెవరూ తిన్నగా ఇంటికి పోరు. మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగాలి, కూర్చోవాలి, ఏదైనా నోట్లో వేసుకోవాలి. వెంట వచ్చిందేదైనా ఉంటే అక్కడే దులుపుకుని పోవాలి. అందరికీ దగ్గరగా ఉన్నది నిల్డా కొట్టే. ఆ అల్లం జావ, వేయించిన వెల్లుల్లి, సగానికి కోసిన గుడ్డు, పైన పిండిన చిన్న నిమ్మకాయ, అన్నీ దులుపుకోవడంలో భాగమే. అలా దులిపినవన్నీ ఏమవుతాయని ఎవరూ అడగరు. డోమింగ్ ఒక్కడే అంటాడు, “ఊళ్ళో పోయినవాళ్ళంతా నీ బెంచీల మీదే ఉన్నారక్కా. ఒక్కడైనా లేచి గిన్నెలు కడుగుతాడా అంటే కడగడు” అని.

నిల్డా నవ్వుతుంది. కాని బెంచీ మీద కూర్చునే ముందు ఒకసారి చేత్తో తడిమి చూసుకుంటుంది.

పొయ్యి రాజుకుంది. వెల్లుల్లి నూనెలో పడగానే వచ్చే వాసన కోసం నిల్డా ముక్కు ముందుకు చాచింది. రోజు మొత్తంలో ఆమెకు ఇష్టమైన క్షణం అది. ఇంకోటి, కాఫీలో ముంచిన రొట్టె విరగకుండా నోటిదాకా రావడం. మరోటి, ఏడు దాటగానే హాలు కప్పు మీంచి దిగి రెండో బెంచీ మీద అరచేయంత ఎండ పడటం. ఇవన్నీ ఆమె మనసులో ఉంచుకోదు. గోడ పక్కన ఉన్న చివరి బెంచీ వైపు తిరిగి చెబుతుంది.

“ఇవాళ అల్లం లేతగా ఉందే, మిలెన్. చెంచాతో గీస్తే తోలు దానంతటదే వచ్చేసింది. ఇదిగో, ఎండ కూడా వచ్చింది చూడు. నీ కాళ్ళ దాకా వచ్చిందా?”

ఆ బెంచీ మీద, అంచున, అరచేతిలో పట్టేంత తెల్లగిన్నె ఉంటుంది. దానికి నీలం గీత. జావ ఉడికాక మొదటి గరిటె అందులోనే పోస్తుంది. మొదటి ఏడాది అన్నం తేట మాత్రమే పోసేది. రెండో ఏడాది మెత్తగా నలిపి పోసింది, పళ్ళు వచ్చి ఉంటాయని. ఏటికేడు కాస్త చిక్కన చేస్తూ వచ్చి, ఈ ఏడాది గుడ్డు ముక్క కూడా వేసి, చిన్న చెంచా కొంది, ఎర్రపిడిది. ఆ గిన్నెలో జావ మిగతావాటికన్నా ముందే చల్లారుతుంది. అది గాలి తగిలే చోటు, అంతే అంటాడు డోమింగ్.

మిలెన్ ఆమె మనవరాలు. నాలుగు నెలలు బతికింది, జ్వరం వచ్చి రెండు రోజుల్లో పోయింది. ఆరేళ్ళ కిందట ఇదే హాల్లో, చెప్పుల పెట్టెకన్నా కాస్త పెద్దదైన పెట్టెలో పడుకోబెట్టారు. పాప తల్లి మారివిక్, నిల్డా ఒక్కగానొక్క కూతురు, మూడు రోజులు మెతుకు ముట్టలేదు. కళ్ళు ఎటో చూస్తుండేవి. నిల్డాకు అప్పుడు పట్టుకున్న భయం ఇప్పటికీ వదల్లేదు. ఒంటరిగా వెళ్ళలేని పసిది తల్లిని కూడా లాక్కుపోతుందేమోనని.

పూడ్చి వచ్చాక మారివిక్ తిన్నగా ఇంటికి నడవబోయింది. నిల్డా రెక్క పట్టుకుని లాక్కొచ్చి, ఆ చివరి బెంచీ మీద కూలేసి, నోట్లో జావ పెట్టి, చీపురుతో ఆమె లంగా అంచులు దులిపింది. అందరూ చూస్తుండగానే.

“నా బిడ్డ నా వెంట వస్తే నీకేమమ్మా నొప్పి?” అంది మారివిక్.

తల్లితో ఆమె ఆఖరున మాట్లాడిన మాట అదే.

పిల్లల్ని తీసుకుని ఎక్కడికైనా వెళ్ళినప్పుడు, తిరిగి వచ్చేముందు పేరు పెట్టి “ఇంటికి పోదాం రా” అని పిలవాలి. లేకపోతే మనిషి ఇంటికి వచ్చినా ప్రాణం అక్కడే ఉండిపోతుంది. మిలెన్‌ని ఎవరూ పిలవలేదు. ఆ సంగతి నిల్డాకు వారం తర్వాత తట్టింది. పరుగున వచ్చి ఆ బెంచీ ముందు నిలబడి పిలిచింది. రోజూ పిలిచింది. ఏమీ కదల్లేదు. పసివాళ్ళు అమ్మమ్మ గొంతుకు లేవరు, తల్లి పిలవాలి. ఇక అప్పట్నుంచి పండుగైనా, వరదైనా, జ్వరమైనా నిల్డా కొట్టు మూయలేదు. పిల్లను వదిలేసి ఎలా పోతుంది?

ఎనిమిదింటికి హాల్లోంచి ఒక కుటుంబం బిలబిలా వచ్చింది. దర్జీ పనివాడు పోయాడు, తొమ్మిదిమంది పిల్లలు. పెద్దకూతురు కూర్చుంటూనే చెల్లెలితో, “గట్టిగా దులుపుకోవే. నాన్న నీ వెంట వస్తే మీ ఇంట్లో లైట్లన్నీ ఆర్పేస్తూ తిరుగుతాడు” అంది.

“వస్తే రానీ, కరెంటైనా కలిసొస్తుంది,” అంది చెల్లెలు. నవ్వి, వెంటనే ముక్కు తుడుచుకుంది.

“చివరి బెంచీ ఖాళీగా ఉందిగా నిల్డమ్మా, అక్కడ కూర్చోవచ్చా?” అన్నాడు వాళ్ళ తమ్ముడొకడు.

“అది విరిగింది నాయనా,” అంది నిల్డా. ఆరేళ్ళుగా అదే చెబుతోంది.

వాళ్ళు వెళ్ళాక హాల్లోంచి ఒక ముసలాయన ఒంటరిగా బయటికొచ్చాడు. బడికి కాపలా ఉండి రిటైరైన మనిషి, భార్య పోయింది. ఇస్త్రీ చొక్కా, ఒక గుండీ తప్పు కాజాలో పెట్టుకున్నాడు. కొట్టు దాటి ముందుకు పోతుంటే నిల్డా గరిటెతోనే పరిగెత్తింది.

“అయ్యా, కూర్చోండి. రెండు చెంచాలు తిని పొండి. తిన్నగా ఇంటికి పోకూడదు.”

“తెలుసమ్మా.”

“మరి?”

ఆయన కాసేపు తన బూట్లకేసి చూసుకున్నాడు. “నలభై ఒక్క ఏళ్ళు. నేను ఎక్కడికి పోయినా నా వెంట రావొద్దని దానితో ఎప్పుడూ అన్లేదు. ఇప్పుడంటానా?” అన్నాడు. “వస్తే రానీ. దారి తెలిసిందే.”

చెయ్యి పట్టుకుని ఆపడం నిల్డాకు అలవాటు. ఎంతమంది చొక్కాలు పట్టుకుని లాగిందో. ఆ పూట చెయ్యి లేవలేదు. ఆయన వీధి చివరిదాకా నెమ్మదిగా, పక్కన ఇంకొకరికి చోటు వదిలినట్టు, కాస్త ఒక వారగా నడిచి వెళ్ళాడు. ఆమె గరిటె నుంచి జావ కాలి మీద కారుతున్నా చూసుకోలేదు.

“కాలు కాలుద్దక్కా,” అని కేకేశాడు డోమింగ్.

నాలుగింటికి కుండ అడుగు గోకి, ఎప్పట్లాగే స్టీలు డబ్బాలో జావ నింపింది. వెల్లుల్లి విడిగా కాగితంలో చుట్టింది, మెత్తబడితే మారివిక్‌కు నచ్చదు. చిన్న గిన్నె కడిగి బెంచీ మీద బోర్లించి, “రేపు వస్తా, ఎక్కడికీ పోకు” అని చెప్పి బయల్దేరింది. మధ్యలో మూడుసార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ ఎవరి పువ్వుల కుండీనో చూస్తున్నట్టు నటించింది. ఆఖరిసారి ఆగిన చోటు మారివిక్ కిటికీకి కనబడుతుంది.

మారివిక్ ఇల్లు రెండు వీధుల అవతల. కిటికీ వెనక బడిపిల్లల బట్టలు కుడుతూ ఉంటుంది. నిల్డా డబ్బా పిడిని గేటు ఊచకు తగిలించి, ఆరేళ్ళుగా అడిగే మాటే అడిగింది.

“మారివిక్, తిన్నావా?”

మిషను ఆగింది. రోజూ ఆగుతుంది. జవాబు రాదు. నిల్డా వీధి మలుపు తిరిగాక మళ్ళీ మొదలవుతుంది. మర్నాడు తెల్లవారి కొట్టుకు పోతూ చూస్తే ఖాళీ డబ్బా, కడిగి తుడిచింది, గేటుకు వేలాడుతూ ఉంటుంది. నిల్డాకు బతుకులో దొరికిన చిన్న సుఖాల్లో అది పెద్దది. తిన్నది కదా. తిన్నంతకాలం బతికే ఉంటుంది.

ఇవాళ నిల్డా వెళ్ళలేదు. గేటు ఊచ పట్టుకుని నిలబడింది.

“మిలెన్ నా దగ్గరే ఉందే,” అంది కిటికీ తెరతో. “ఆ చివరి బెంచీ మీద. నేను పిలిస్తే లేవట్లేదు. నువ్వొచ్చి పిలవాలి.” ఊపిరి కోసం ఆగింది. “ఆ రోజు నాకు భయమేసింది. నిన్ను కూడా తీసుకుపోతుందేమోనని. దాన్ని వదిలించుకోవాలని కాదే. నిన్ను నాకు వదిలెయ్యమని దాన్ని బతిమాలుకున్నా, అంతే. అది విన్నది. చెప్పిన మాట వినే పిల్ల.”

తెర కదల్లేదు. మిషను మొదలవలేదు. ఒక కుక్క వచ్చి డబ్బా వాసన చూసి పోయింది. నిల్డా చాలాసేపు నిలబడి, తర్వాత నడిచింది. మలుపు తిరిగి చెవి ఒగ్గింది. అప్పుడు కూడా మిషను మొదలవలేదు. వేలికి సూది గాని దిగలేదు కదా అనుకుంటూ ఇంటిదాకా పోయింది.

మర్నాడు పొద్దున బొగ్గులు అంటుకోలేదు. ఆరు దాటాక డోమింగ్ ఆమె ఇంటికి వెళ్ళి చూశాడు. తలుపు పక్క కుర్చీలో కూర్చుని ఉంది, చెప్పులు తొడుక్కుని. ఒళ్ళో సగం గీసిన అల్లం ముక్క. నిద్రపోతున్నదనుకుని “అక్కా, జావ” అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

అదే పొద్దున మారివిక్ డబ్బా కడిగి గేటుకు తగిలించి, లోపలికి పోకుండా పక్కనే నిలబడి ఉంది. అమ్మ వచ్చే వేళ దాటినా నిలబడే ఉంది.

మూడు రోజులు అదే హాల్లో జాగారం చేశారు. డోమింగ్ బండిని ఎన్నడూ లేనంత మెల్లగా నడిపాడు. పూడ్చి వచ్చి అందరూ హాలు ముందు దిగాక, ఎటు పోవాలో తెలియక నిలబడిపోయారు. కొట్టు మీద పరదా కప్పి ఉంది.

“దులుపుకోవడానికి ఎక్కడికి పోతాంరా ఇప్పుడు?” అన్నాడు డోమింగ్. “పనికొచ్చే పూటే మూసేసింది.”

ఎవరో నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. మూల మీది రొట్టెల దుకాణానికి పోదామన్నారు. అందరూ అటు కదిలారు.

మారివిక్ కదల్లేదు. పరదా ఎత్తి లోపలికి వెళ్ళింది. చివరి బెంచీ మీద తెల్లగిన్నె బోర్లించి ఉంది, పక్కన ఎర్రపిడి చెంచా. గిన్నె చేతిలోకి తీసుకుంది. నీలం గీత ఒకచోట కడిగి కడిగి అరిగిపోయింది. చెంచా మీద ఇంకా కొట్టువాడి కాగితం జిగురు మిగిలి ఉంది.

“మిలెన్,” అంది. మళ్ళీ అంది. “మిలెన్, ఇంటికి పోదాం రా.”

చల్లారిన పొయ్యి వైపు తిరిగింది.

“అమ్మా, నువ్వు కూడా.”

డోమింగ్ బయట నిలబడి విన్నాడు. తిన్నగా ఇంటికి పోకూడదని చెప్పబోయి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మారివిక్ రొట్టెల దుకాణం దాటింది, ఆగలేదు. అడుగులు చిన్నవిగా వేసింది, మెట్లు ఎక్కితే ఆయాసపడే మనిషీ ఆరేళ్ళ పిల్లా వెంట ఉన్నట్టు. పువ్వుల కుండీల దగ్గర ఆగి, ఆయాసం తీరేంతసేపు ఉండి, మళ్ళీ నడిచింది.

గేటు తీసి వెంటనే మూయలేదు. పట్టుకుని నిలబడింది. వీధిలో ఎండ తగ్గుతోంది. ఎవరూ ఏమీ అడగలేదు. అయినా ఆరేళ్ళుగా అడిగిన మాట ఆ ఊచల మధ్యే ఉంది.

“ఇంకా లేదమ్మా,” అంది మారివిక్. “మీకోసమే చూస్తున్నా. ఇద్దరూ రండి.”

మూడు రోజుల కిందట కడిగి తగిలించిన డబ్బా గేటుకు అలాగే వేలాడుతూ ఉంది, లోపల తడి పూర్తిగా ఆరిపోయి.