మోటారుకు వచ్చిన ఓటీపీ

కురబలకోట చెంగయ్య చెప్పిన అబద్ధాలను మూటలు కడితే మదనపల్లె టమోటా మార్కెట్లో ఉండే లారీలు చాలవంటారు. గుమ్మడికాయలో దూరి వాన తప్పించుకున్న గొర్రె, గుడ్డు పెట్టి సిగ్గుపడిన కోడిపుంజు, అన్నీ ఆయన దొడ్లోనే పుట్టినాయి. ఆయనకు సరిజోడు కుప్పంలో గడియారాలు బాగుచేసే ఇనాయతుల్లా. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ పుంగనూరు సంతలో కలుసుకుని పోటీలు పడి కోతలు కోసేవాళ్లు. పదకొండేండ్ల కింద గొంతుకు ఆపరేషనయ్యి ఇనాయతుల్లాకు మాట పోయింది. మాట పోయిందే కానీ కోతలు పోలేదు. అప్పటినుంచి మెయిల్లో రాసి పంపుతా వచ్చినాడు. పంపిన మరుక్షణం తన దగ్గరున్నది చెరిపేస్తాడు. పోస్టు చేసిన ఉత్తరాన్ని ఎవడైనా ఇంట్లో పెట్టుకుంటాడా అనేది ఆయన వాదన. కాబట్టి ఆ కథలన్నీ ఇంత లోకంలో ఒక్క చోటే ఉన్నాయి, చెంగయ్య మెయిల్లో.

ఆ మెయిలు నడిపే బెంగళూరు కంపెనీ ఈ పొద్దు సాయంత్రం ఆరింటికి మూతపడుతోంది. "మీ మెయిళ్లు వేరే చోటికి మార్చుకోండి" అని వాళ్లు మూడు నెలలుగా మొత్తుకుంటుంటే, ఏదో చీరల డిస్కౌంటులే అని చెంగయ్య తెరిచి చూడనే లేదు. ఈ పొద్దు పేపర్లో చూసినాకే సంగతి తెలిసింది. దానికి తోడు పాత ఫోను పోయిన వారం గొర్రెల కుడితి తొట్లో పడి చచ్చింది. కొత్త ఫోను జేబులో పెట్టుకుని ఆయన పుంగనూరులో బస్సు దిగేటప్పటికి మూడున్నర. అక్కడ సెల్‌ఫోన్ల అంగడి నడిపే సఫియా ఎవరో కాదు, ఇనాయతుల్లా కూతురే.

"చాచా, కొత్త కంపెనీలో మీకు మెయిలు తెరిచేసినా. పాతవన్నీ దీంట్లోకి లాగేదొకటే ఉండాది."

"నిదానంగా లాగు తల్లీ. మీ నాయన కథలు బరువు, నడుం పట్టుకుంటాది."

"పాత కంపెనీ ఓటీపీ అడుగుతాండాది. చివర డెబ్బైరెండు ఉండే నంబరుకు పంపిందంట. ఆ సిమ్ము యాడుండాది?"

చెంగయ్య గొంతు తగ్గించినాడు. పుట్టి బుద్ధెరిగినాక ఆయన అట్లా చేసింది లేదు.

"మోటార్లో ఉండాదమ్మా."

"మోటారు సైకిల్లోనా?"

"బోరు మోటార్లో. స్టార్టరు డబ్బాలో సిమ్ము పెడితే, ఇంట్లో పండుకోని ఫోను కొట్టినా నీళ్లు పారతాయి కదా. పాత నంబరు ఊరికే ఎందుకుండల్లని దాంట్లో పెట్టినా."

సఫియా తల పట్టుకుంది. "అయితే ఓటీపీ మీ మోటారుకు పోయింది."

"పోయింటాది. దానికి చదువొస్తే ఎంత బాగుండు!"

అన్నాడే గానీ, గోడ గడియారం నాలుగు కొట్టేసరికి చెంగయ్యకు చెమటలు పట్టినాయి. ఇంటికి ఫోను చేసి భార్య గంగులమ్మను చేను దగ్గరికి పరుగెత్తించినాడు. ఆమె బటన్ల ఫోన్లో రెండో సిమ్ముకు చోటు ఖాళీగా ఉంది. డబ్బా విప్పి, సిమ్ము పీకి, ఫోనులో పెట్టి ఆమె మళ్లీ మాట్లాడేటప్పటికి అయిదు దాటింది. సఫియా ఇంకో ఓటీపీ పంపించింది. పది నిమిషాలే దాని ఆయుష్షు.

"వచ్చినాదా మే?"

"వచ్చినాది. ఆరు అంకెలు."

"చెప్పు!"

"చెప్పను. ఎవురికీ చెప్పొద్దని దీంట్లోనే రాసుండాది. మొన్న బ్యాంకోళ్లు మీటింగు పెట్టి మరీ చెప్పినారు, మొగుని గొంతుతో మాట్లాడినా నమ్మొద్దని."

"నేనే మే, నీ మొగుణ్ని!"

"దొంగోడూ అట్లే అంటాడు. నా మొగునికి మాత్రమే తెలిసింది ఒకటి అడుగుతా. ఇరవయ్యారేండ్ల కింద మన పొట్టేలును ఏమి ఎత్తుకుపోయినాది?"

"చిరతపులి!" చెంగయ్య నోటికి అలవాటైన మాట, తనంతట తానే వచ్చేసింది.

"అది మదనపల్లె నుంచి కుప్పం దాకా అందరికీ తెలుసు. నా మొగునికి తెలిసింది వేరే. పెట్టేస్తాండా."

"ఉండు, ఉండు!"

"చాచా, ఇంక నాలుగే నిమిషాలు," అంది సఫియా.

ఏనుగుమల్లమ్మ కొండ చిరుతతో కలబడినందుకు గుర్తని చెంగయ్య ఎడమ చేతి గాటును ఊరూరా చూపించినాడు. ఈ సఫియానే చిన్నప్పుడు దాన్ని తడిమి కండ్లు పెద్దవి చేసింది. ఇప్పుడు నోరు విప్పితే చిరుత పోతుంది. విప్పకపోతే ఇనాయతుల్లా పదకొండేండ్ల గొంతు పోతుంది.

ఆయన చొక్కా చేయి కిందికి లాక్కున్నాడు.

"చిరతా లేదు, గిరతా లేదు. ఈ పుంగనూరు సంతలోనే కల్లు తాగి పండుకున్నా. లేచి సూస్తే తాడుండాది, పొట్టేలు లేదు. ఎతకబోతే చేతికి ముండ్లకంచె గీసుకునింది. సాలా?"



"నాకు ఆ మర్నాడే తెలుసు," అంది గంగులమ్మ. "నీ నోటెంట ఎప్పుడొస్తాదా అని కాసుకోనుండా. రాసుకో. నాలుగు, సున్నా, తొమ్మిది..."

సఫియా పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటూ అంకెలు కొట్టింది. తెర మీద ఒక మెయిలు వచ్చింది, తర్వాత నలభై, తర్వాత మూడొందలు. మడవ తీసిన కాలువ మాదిరిగా కథలు కొత్త ఫోనులోకి పారినాయి. ఆరుకు పది నిమిషాలుందనగా చివరిది కూడా దిగింది. చెంగయ్య స్టూలు మీద కూలబడి, సఫియా తెప్పించిన టీని రెండు గుక్కల్లో తాగేసినాడు. నాలుక కాలిందని కూడా తెలియలేదు.

అక్కడే కూర్చుని, కొత్త మెయిలు నుంచి మొట్టమొదటి ఉత్తరం ఇనాయతుల్లాకు రాసినాడు. మోటారు, ఓటీపీ, కల్లు, కంచె, జరిగింది జరిగినట్టే, ఒక్క కోత లేకుండా.

మదనపల్లె బస్సు పుంగనూరు దాటకముందే జవాబు వచ్చింది.

"చెంగయ్యా, నీ చిరతపులిని నేను ఇరవయ్యారేండ్లు నమ్మినా. మోటారుకు ఓటీపీ వచ్చిందంటే మాత్రం నమ్మేది లేదు. అబద్ధానికైనా ఒక హద్దుండల్ల."