ట్రాక్ గొంతు

"ఆ మిక్సీ ఆపు! రికార్డింగు నడుస్తోందని తెలీదూ?"

పడకగదిలోంచి భర్త వేసిన కేకకు ఆమె ఆపింది. ఆరు నెలలపాటు ఆపుతూనే ఉంది. పడకగది బ్యాండువాళ్ళదయింది. చప్పుడు బయటికి పోకుండా పరుపు తీసి గోడకు నిలబెట్టారు, ఆమె వంటింటి పక్కన నేల మీద పడుకుంది. భర్త, డ్రమ్ములాయన, గిటారు వాయించే పొడుగాయన కలిసి తమ రాక్ బ్యాండు మొదటి ఆల్బమ్ చేస్తున్నారు. సినిమా పాటల్లాంటివి కావట, లోకాన్ని నిలదీసే పాటలట. "వదినా, స్వేచ్ఛ పాటకి ఇంకో మూడు టీలు!" అని అరిచి డ్రమ్ములాయన తన హాస్యానికి తనే నవ్వుకునేవాడు.

భర్తకు బాణీ గుర్తుండదు. అందుకని ప్రతి పాటా ముందు ఆమె చేత ట్రాక్ పాడించాడు. ట్రాక్ అంటే అసలు గాయకుడు విని నేర్చుకోవడానికి పాడే పాట. అతను పాడాక దాన్ని చెరిపేస్తారు. ఎసరు పెట్టి వచ్చి తొమ్మిది పాటలూ పాడింది. చెరిపినప్పుడల్లా ఏమీ అనుకోలేదు. అనుకోలేదని అనుకుంది.

అయిదో పాట వేరు. అమ్మ చనిపోయిన వారం, ఆరిన బట్టలు మడతపెడుతూ తనలో తాను పాడుకున్న మాటలవి. "తలుపు దగ్గరగా వేసి వెళ్ళావు, గడియ నేనెలా పెట్టుకోను." గుమ్మంలో నిలబడి విన్న భర్త "ఆ లైను బాగుందే, వాడుకుంటా" అన్నాడు, రుమాలు అడిగినంత తేలిగ్గా. పాడటం మాత్రం అతనికి చేతకాలేదు. పదకొండుసార్లు ప్రయత్నించి, గొంతు బొంగురుపోయి, మైకును తిట్టాడు. చివరికి పొడుగాయనే, "వదిన ట్రాకే ఉంచేద్దాంరా, ఒళ్ళు జలదరిస్తోంది" అన్నాడు.

ఉంచేశారు. ఆల్బమ్ అట్ట మీద వేసే పేర్ల కాగితం ఇవాళ ఆమె కంటబడింది. రచన, గానం అని భర్త పేరు. అట్టడుగున చీమ తలంత అక్షరాల్లో, "టీలు, టిఫిన్లు: వదిన." అదీ పేరు కాదు, వాళ్ళ వరస.

"అయిదో పాట నాది కదా?"

"ఇంట్లో మనిషివి, నీకు పేరెందుకే?" నిజంగానే ఆశ్చర్యపోయాడు.

పక్కగదిలోంచి అత్తగారు అందుకుంది. "వాడికి పేరొస్తే నీకొచ్చినట్టు కాదుటే?"

అమ్మ గుర్తొచ్చింది. ఆవిడా బతికున్నన్నాళ్ళూ ఎవరికో వదిన, ఎవరికో పిన్ని. పోయిన రోజున ఆస్పత్రి గుమాస్తా పేరు అడిగితే నాన్న ఒక్క క్షణం తడుముకున్నాడు. ఆ రోజు ఏడుపులో గమనించనట్టే ఊరుకుంది. ఆ ఒక్క క్షణం మీద ఇప్పుడు, ఇంత ఆలస్యంగా, చెవులు మండేంత కోపం వచ్చింది.

ఫోను మోగింది. పాటలన్నీ కూర్చి తుదిరూపు ఇచ్చే సౌండ్ ఇంజనీరు, పెద్దాయన. ఆమెతోనే మాట్లాడాలన్నాడు.

"అయిదో పాటలో గొంతు మీదేనట కదమ్మా. మిమ్మల్ని అడక్కుండా నేను పంపను. ఉంచమంటారా?"

"తీసెయ్యండి."

"తీసేస్తే ఇంక పాటే ఉండదమ్మా."

"తెలుసు."

భర్త ఫోను లాక్కోబోయాడు. "కోపంలో అంటోందండీ, పట్టించుకోకండి!"

ఆమె ఫోను వదల్లేదు.

"కోపమే," అంది. "పట్టించుకోండి."