నూట నలభై ఏడో పేజీ మీద వేలు

నా ఉద్యోగం తప్పులు పట్టడం. "పుట్టుకతో వచ్చిన బుద్ధికి జీతం కూడా ఇస్తున్నారా నీకు?" అని అక్క బతికున్నప్పుడు ఎగతాళి చేసేది. వీడియో గేములు విడుదలయ్యే ముందు నేను ఆడి చూస్తాను. గోడలోంచి దూరిపోయే గుర్రాలనీ, గాలిలో వేలాడే కుర్చీలనీ పట్టుకుని నివేదిక రాస్తాను.

ఈసారి గేములో ఒక పాత మఠం ఉంది. ఆటగాళ్ళు అందులో దాచిన పద్నాలుగు వస్తువుల్ని వెతికి పోగుచేసుకోవాలి. చివరిది ఒక ప్రార్థనా గ్రంథం, నాలుగు వందల ఏళ్ళ కిందట చేత్తో రాసింది. అసలుది మా ఊరి గ్రంథాలయంలో ఉంది. అక్క అక్కడే పాతికేళ్ళు పనిచేసింది. పాత పుస్తకాల్ని కెమెరా కింద పెట్టి, ఒక్కో పేజీ తిప్పుతూ ఫొటోలు తీయడం ఆమె పని. ఆ ఫొటోలనే మా కంపెనీ గేములో పెట్టుకుంది. పుస్తకం దొరికితే చాలు, ఆటగాడికి పాయింట్లు పడతాయి. తెరిచి చూసే ఓపిక ఎవడికుంటుంది? నాకైతే తప్పదు. రెండు వందల పన్నెండు పేజీలూ తిప్పాల్సిందే.

నూట నలభై ఏడో పేజీ ఎడమ మూల ఒక బొటనవేలు కనిపించింది. పేజీ లేవకుండా నొక్కిపట్టిన వేలు. "మనిషి వేలు కనిపిస్తోంది, తీసేయాలి" అని టకటకా కొట్టి పంపేశాను. తొమ్మిదేళ్ళ అలవాటు, బుర్రతో పనిలేదు. తర్వాతి పేజీ తిప్పబోతూ ఆగాను. ఆ గోరు నిలువునా రెండుగా చీలి ఉంది.

అది నా నిర్వాకమే. నాకు ఆరేళ్ళప్పుడు అలిగి తలుపు ధడాలున వేస్తే అక్క వేలు నలిగింది. గోరు మళ్ళీ కుదురుగా పెరగలేదు. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచిన చెయ్యి అది. అన్ని పుస్తకాలకీ ఫొటోలు తీసిన మనిషి, తన ఫొటో అనేసరికి మొహం చాటేసేది. ఆమె పోయాక ఇల్లంతా వెతికితే, గుర్తింపు కార్డు మీద వెలిసిపోయిన బొమ్మ ఒక్కటే దొరికింది. ఇప్పుడీ వేలు దొరికింది. దొరికిన నిమిషంలోనే తుడిచేయమని నేనే రాసిచ్చాను.

పంపిన నివేదికను వెనక్కి తీసుకునే వీల్లేదు. బొమ్మలు దిద్దే అమ్మాయి మాత్రమే దాన్ని రద్దు చేయగలదు. ఆమె పై అంతస్తులో కూర్చుంటుంది. నేను ఆ మెట్లెక్కి ఏడాది దాటింది. ఎవరైనా ఎలా ఉన్నారని అడుగుతారని భయం.

వెళ్ళేసరికి ఆమె తెర మీద ఆ పేజీయే ఉంది. వేలు సగం పోయింది. గోరు ఇంకా మిగిలింది.

"ఆపమ్మా, ఆపు!" అని అరిచినంత పని చేశాను.

"మీరే కదండీ తీసేయమన్నారు?"

"పొరపాటు. ఉండనివ్వు."

"ఉంచాలంటే కారణం రాయాలండి. మేనేజరు గారు ఊరికే వదలరు. ఏం రాయను?"

ఏదో ఒక అబద్ధం చెప్పి గట్టెక్కుదామనుకున్నాను. ఒక్కటీ తట్టలేదు.

"అది మా అక్క వేలు," అన్నాను.

ఆమె కుర్చీ నావైపు తిప్పింది. "నిజమా! భలే ఉందే! అయితే రేపు ఆవిణ్ణి తీసుకురండి, చూపిద్దాం. ఎంత సంబరపడతారో!"

"లేదమ్మా. పోయింది."

"అయ్యో! ఎప్పుడండీ?"

"పోయిన వానాకాలం. మూడు రోజులు జ్వరమని సెలవు పెట్టాను కదా, అప్పుడు."

ఆమె తెర వైపు తిరిగింది. చెరిపినదంతా మళ్ళీ వెనక్కి తెచ్చింది. వేలు మొత్తం కనబడింది. "పుస్తకాన్ని పట్టుకున్న మనిషి వేలు, ఉంచాలి" అని కారణం రాసింది. పక్క కుర్చీ లాగి, "కూర్చోండి. ఆవిడ ఎలా ఉండేవారో చెప్పండి," అంది.

ఏడాదిగా ఎవరూ అడగని మాట. అడగనివ్వంది నేనే. చెబుదామని నోరు తెరిచి, ఆ పరాయి పిల్ల ముందు వెక్కి వెక్కి ఏడ్చాను.