మెల్విన్ పాడే చోటు

గంగులయ్య పికప్ వెనక్కి తీసి సెల్లార్ మెట్ల దగ్గర ఆపేసరికి అచ్చిబాబు అప్పటికే కిందికి దిగిపోయాడు. నాలుగేళ్లుగా కువైట్‌లో ఇద్దరిదీ ఒకే గది, ఒకే ఏసీ కంపెనీ, ఒకే బండి. ఈ అబూ హలీఫా బిల్డింగు దగ్గరికి వస్తే చాలు, అచ్చిబాబు వేరే మనిషైపోతాడు.

"కొత్తది మోసుకురా, చాలు. పాతదాన్ని నేనే దింపుకుంటాను గంగులూ," అన్నాడు సెల్లార్ గదిలో పాత ఏసీ ముందు స్క్రూడ్రైవర్ పట్టుకుని ఊరికే నిలబడి.

"అట్లే కానీ అన్నా. నువ్వు చూస్తాంటే అది దానంతటదే దిగొస్తాదా?"

అచ్చిబాబు నవ్వలేదు. యాభై దాటిన మనిషి, పొట్టి, బక్కపలచన. చేతి వేళ్ల కొసలు కాయలు కాసి నల్లగా ఉంటాయి. అవి స్పానర్లు తిప్పి కాసినవి కావనీ, బేస్ గిటారు వాయించి కాసినవనీ గంగులయ్యకు తెలియడానికి ఏడాది పట్టింది.

రాజోలు వైపు పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు బేస్ వాయించేవాడు. గల్ఫ్ యుద్ధం అయిపోయాక ఏసీ మెకానిక్కుగా కువైట్ వచ్చిపడ్డాడు. సిటీలో షర్క్ వైపు గుమాస్తాగా ఉన్న గోవా మనిషి మెల్విన్ పరిచయమై, ఇంకో ఇద్దర్ని కలుపుకుని ఈ సెల్లార్ గదిలోనే నలుగురూ బ్యాండు కట్టారు. పోస్ట్-పంక్ అంటారట వాళ్ల సంగీతాన్ని. అందులో బేసే ముందు నడుస్తుందట, పాట దాని వెంట వస్తుందట. గంగులయ్య చెవికి మాత్రం ఎవరో పక్కింటి తలుపు ఆగకుండా తడుతున్నట్టుండేది.

వీళ్లు వెలగబెట్టిన ఘనకార్యం ఒకటుంది. గోడలోని పాత ఏసీ ఒకటే రొద. ఎండాకాలం దాన్ని ఆపితే ప్రాణాలు పోతాయి. సరే కదా అని దాని రొదనే శ్రుతిగా పెట్టుకుని తీగలు బిగించి, ఏళ్ల తరబడి దానితోనే సాధన చేశారు. తీరా షర్క్‌లో పెద్ద హాల్లో కచేరీ దొరికితే, అద్దెకు తెచ్చిన కీబోర్డుకీ వీళ్ల పాటకీ శ్రుతి కలిసి చావలేదు. తీగలైతే మార్చి బిగించారు గానీ, మెల్విన్ గొంతు మళ్లీ ఆ ఏసీ శ్రుతికే పోయింది. హాలంతా నవ్వింది. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు.

ఆ మెల్విన్ రెండువేల ఆరులో ఫాహహీల్ రోడ్డు మీద కారు తిరగబడి పోయాడు. మిగతా ఇద్దరూ తలో దేశం వెళ్లిపోయారు. బిల్డింగు ఏసీలన్నీ ఊరికే బాగుచేస్తాడని, కాపలా చూసే హారిస్ ఆ గదిని అచ్చిబాబుకు వదిలేశాడు. ప్రతి శుక్రవారం వచ్చి వాయించుకుంటాడు. మెల్విన్ ఒక్కడే పాడే చోట బేస్ ఆపి ఊరుకుంటాడు.

"అక్కడ ఆడు పాడతాడు గంగులూ. ఆ మిషను రొదలోంచి వస్తాది గొంతు," అని ఒకసారి చెప్పాడు, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా. ఆ వారమంతా గంగులయ్య తమ గదిలో లైటు ఆర్పనివ్వలేదు.

అందుకే, పాత ఏసీలన్నీ మార్చమని ఓనరు చెప్పినప్పుడు, ఆ గది తాళం దొరకడం లేదని అచ్చిబాబు అబద్ధం ఆడాడు. ఇవాళ హారిసే తాళం తీసి గుమ్మంలో నిలబడ్డాడు, "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ.

"ఇది దిగిపోతే ఇంక ఆడెక్కడికొస్తాడు?" అన్నాడు అచ్చిబాబు.

గంగులయ్య స్క్రూడ్రైవర్ అందుకోబోయాడు. "నేను తీద్దునా అన్నా? నువ్వు బయట ఉండు."

"వద్దు. ఆడి సొంతోళ్లే తియ్యాలి."

స్విచ్చి ఆపాడు. రొద కాస్త గొణిగి ఆగింది. గంగులయ్యకు తన ఊపిరి తనకే వినబడి భయమేసింది. అచ్చిబాబు గోడకు చెవి ఆనించి కాసేపు విన్నాడు.

"లేడు," అన్నాడు.

మధ్యాహ్నానికి కొత్తది బిగించారు. చప్పుడన్నది లేని మిషను. పొద్దుట్నుంచీ అచ్చిబాబు ఎడమ భుజం నొక్కుకుంటూనే ఉన్నాడు. బరువు మోసినందుకని ఇద్దరూ అనుకున్నారు. హారిస్ నమాజుకు పోయాడు. గంగులయ్య పాత ఏసీని బండిలో వేసి, మలబారీ హోటల్లో రెండు చాయలు పట్టుకొచ్చాడు.

మెట్ల మీద ఉండగానే బేస్ వినిపించింది. దాని వెంటే ఒక గొంతు. గంగులయ్య గోడ పట్టుకుని విన్నాడు. ఇంగ్లీషు పాటే గానీ యాస కోనసీమది. ఇన్నేళ్లలో ఒక్కనాడూ నోరు విప్పి పాడని అచ్చిబాబు, పగిలిన గొంతుతో సిగ్గు లేకుండా పాడుతున్నాడు. గంగులయ్యకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. తనను చూస్తే ఆపేస్తాడని మెట్టు మీదే కూర్చుండిపోయాడు.

మధ్యలో గొంతు ఆగింది. బేసూ ఆగింది.

మెల్విన్ పాడే చోటు వచ్చింది కాబోలు అనుకున్నాడు గంగులయ్య. పాడనీలే పాపం అని, చాయ చల్లారిపోతున్నా కదలకుండా కూర్చున్నాడు.

లోపలికి వెళ్లేసరికి అచ్చిబాబు గిటారు ఒళ్లో పెట్టుకుని, గోడకు చేరగిలబడి ఉన్నాడు. "అన్నా, చాయ," అంటే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

అంబులెన్సు వచ్చి తీసుకుపోయాక గదిలో మెల్విన్ మైకు స్టాండు ఒక్కటే నిలబడి ఉంది. మెల్విన్ ఆరడుగుల మనిషి. అతను పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, మర తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఇప్పుడు ఆ మర మీద స్పానరు గీతలు కొత్తగా మెరుస్తున్నాయి, మైకు అచ్చిబాబు నోటి ఎత్తుకు దించి ఉంది.